సంచకరువు: ఇంటి పనులకు ముందుగా ఇచ్చు సొమ్ము

పాఠ్యభాగములు: 2 రాజులు 12:4-15, ద్వితీయోపదేశకాండము 24:14-15, లూకా 14:28-30



ఈ పాఠమునకు పెట్టిన పేరు మనకు క్రొత్తది కాదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలోను, ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలోను ఈ మాటను చదువుచునే యున్నాము. బేరము కుదిరినదనుటకు గుర్తుగా, మిగిలినది తప్పక వచ్చుననుటకు పూచీగా, ముందుగా చేతిలో పెట్టు సొమ్ము సంచకరువు. గుంటూరు, ప్రకాశము వైపునుండి వచ్చిన మన పెద్దలు దీనిని బజానా అందురు. ఆదోని, గుంతకల్లు వైపువారు బయానా అందురు. బళ్ళారి బజారులో ముంగడ అని వినబడును. పిల్లలకు అడ్వాన్సు అంటేనే తెలియును. కన్నడములో సంచకార అను మాట కూడ ఉన్నది. దానికి బయానా అను అర్థముతోబాటు ముప్పు అను అర్థము కూడ కలదు. మిద్దె బాగుచేయించుకొనబోయి సొమ్ము పోగొట్టుకొన్నవారికి ఈ రెండు అర్థములు ఒక్క మాటలో ఎట్లు ఇమిడెనో వేరుగా చెప్పనక్కరలేదు.

మన సంఘముల పరిస్థితి ఒకసారి ఆలోచింతము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రములో చేరినది. తుంగభద్ర నీరు కాలువలలో పారిన తరువాత కోస్తా జిల్లాల రైతులు, వారితో కూలి కుటుంబములు వచ్చి సిరుగుప్ప ప్రాంతములో క్యాంపులు వేసికొనిరి. ఆ తరమువారు కట్టుకొనిన ఇండ్లకు ఇప్పుడు ఏండ్లు మీరినవి. మట్టి మిద్దెలు కారుచున్నవి, బండల కప్పులు కుంగుచున్నవి. వలస వచ్చినవారము అని మనము చెప్పుకొన్నను, ఇల్లు బాగుచేయించుకొనుటలో పూర్తిగా ఊరివారమైతిమి. అందుచేత ఈ సంగతిని సంఘములలో మాటలాడుకొనవలసిన అవసరము వచ్చినది.

చాలా ఇండ్లలో జరుగు వరుస ఒకటే. ఏప్రిలు నెలలో మిద్దె విప్పి స్లాబు వేయవలెనని నిశ్చయింతురు. మేస్త్రీ మన సంఘస్థుడే, లేదా సంఘస్థుని బావమరిది. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గుడి మెట్లమీదనే బేరము కుదురును. సోమవారము నలభైవేలు చేతిలో పెట్టుదురు. కాగితము మాట ఎవరైన ఎత్తిన, "మనవాడే కదా, కాగితమెందుకు?" అందురు. రెండు రోజులలో పాత కప్పు నేలమీద ఉండును. మూడవ రోజు మేస్త్రీ రాడు. ఫోను చేసిన, ఇసుక దొరకలేదనును; తరువాత ఒంట్లో బాగులేదనును; తరువాత ఫోను ఎత్తడు. జూనులో మబ్బు పట్టునప్పటికి ఇంటిల్లిపాది టార్పాలిను క్రింద ఉందురు. అటుపిమ్మట ఆదివారము నాడు ఆ రెండు కుటుంబములు గుడిలో ఎదురెదురు మూలల కూర్చుండును. సంస్కారపు బల్లయొద్దకు ఒకరు వచ్చిన మరియొకరు రారు. కొన్నాళ్లకు ఒక కుటుంబము వేరొక సంఘమునకు వెళ్లిపోవును. ఇది ఏ ఒక్క సంఘము కథ కాదు, ఏ ఒక్క మేస్త్రీ కథయు కాదు. పోయినది నలభైవేలు మాత్రమే అయితే మనము ఇంత వ్రాయకపోదుము.

ఆ మేస్త్రీ దొంగయా? చాలమట్టుకు కాదు. ఇది సరిగా తెలియనిదే మన జాగ్రత్త కూడ సరిగా ఉండదు. మేస్త్రీకి పెట్టుబడి ఉండదు. అతని క్రింద నలుగురైదుగురు కూలివారు ఉందురు. వారికి సాయంకాలము కూలి ఇయ్యనియెడల మరునాడు వేరొకని పనికి పోవుదురు. మనము ఇచ్చిన నలభైవేలలో కొంత క్రిందటి ఇంటిలో మిగిలిపోయిన పనికి సామాను కొనుటకు పోయినది, కొంత ఆ ఇంటి కూలివారి పాత బాకీకి పోయినది. ఇప్పుడు మన ఇంటికి సామాను కొనవలెనన్న మరియొక ఇంటిలో బయానా తీసికొనవలెను. వానలకు ముందే కప్పు వేయవలెనని అందరును ఏప్రిలు, మే నెలలలోనే తొందరపడుదురు గనుక, అతడు మూడు ఇండ్లలో ఒకేసారి ఒప్పుకొనును. మూడింటిలోను కప్పు విప్పును, ఏలయనగా విప్పిన ఇంటివాడు వేరొక మేస్త్రీని పిలువలేడు. క్రిస్మసుకు ముందు రంగులు వేయువారితో మనకు కలుగు అనుభవము కూడ ఇట్టిదే. డిసెంబరు 24 నాటికి అందరి గోడలును మెరయవలెను, పెయింటరు మాత్రము ఒక్కడే. ఈ గొలుసులో ఎక్కడనో ఒకచోట కొక్కెము ఊడును. ఊడినచోట ఉన్న ఇంటివాడు మోసపోయినట్టు కనబడును.

కాబట్టి ముందుగా ఇచ్చు సొమ్ము ఎంత అని అడుగుటకంటె, ఆ సొమ్ము దేనికి అని అడుగుట మేలు. మన ఇంటి పనిలోనికే పోవు సొమ్మును ఇయ్యవచ్చును. మేస్త్రీ పాత లెక్కలలోనికి పోవు సొమ్మును ఇయ్యరాదు.

పనిని బట్టి ఇది మారును. సామాను మనది, కూలి మాత్రము వారిది అను ఒప్పందములో ముందుగా పెద్ద సొమ్ము అవసరమే లేదు. మొదటి రెండు మూడు రోజుల కూలి, పాత కప్పు విప్పు ఖర్చు ఇచ్చిన చాలును. సామానుతో సహా ఒప్పుకొన్న పనిలో, సిమెంటు, ఇనుము, కంకర కొట్లవారికి మనమే నేరుగా చెల్లించి, బిల్లు మన పేర తీసికొనుట మంచిది. మేస్త్రీని వెంట తీసికొనిపోయి అతడు చెప్పిన రకమే కొనవచ్చును. అతని గౌరవమునకు లోటు రాదు, సొమ్ము దారి తప్పదు. ఇసుక లారీ దిగిన తరువాతనే లారీవానికి డబ్బు. వడ్రంగి, గ్రిల్సు వెల్డరు, అల్యూమినియము కిటికీలవారు సగము ముందుగా అడిగినప్పుడు మాత్రము కోపపడకూడదు. మన కిటికీ కొలతకు చేసినది ఇంకొక ఇంటికి పనికిరాదు. మనము వద్దన్నచో వారి కర్ర, వారి ఇనుము, వారి శ్రమ మూలపడును. అట్టివారికి సగము ఇయ్యవచ్చును గాని, కొలతలు, కర్ర రకము, తెచ్చి బిగించు తేదీ వ్రాయించుకొని ఇయ్యవలెను. వీలైన షెడ్డుకు పోయి, మన కర్ర వచ్చినదో లేదో కన్నులార చూచి, అప్పుడు ఇచ్చుట ఇంకను మంచిది.

స్లాబు పనికి ఒక లెక్క వేసి చూపుదుము. ఇది చట్టము కాదు, ఉదాహరణ మాత్రమే. కూలి మాత్రము 80,000 రూపాయలకు కుదిరినదనుకొందము. పని మొదలుపెట్టు దినమున 8,000. పాత కప్పు విప్పి, గోడల తలలు సరిచేసిన తరువాత 12,000. సెంట్రింగు కొట్టి, కమ్మీ కట్టిన తరువాత 20,000. కాంక్రీటు పోయు దినమున 20,000. ఆ ఒక్క రోజు కూలివారు ఎక్కువమంది వత్తురు, మిక్సరు అద్దె ఉండును, అందరికి ఆ సాయంకాలమే లెక్క తీరవలెను, గనుక ఆ సొమ్మును ముందు రోజే సిద్ధపరచుకొనవలెను. పూత పని ముగిసిన తరువాత 14,000. మిగిలిన 6,000 కొరకు ఒక తేదీ పెట్టుకొనవలెను. మొదటి పెద్ద వాన తరువాత ఇత్తుమనుట మంచిదే గాని, బళ్ళారిలో వాన ఎప్పుడు వచ్చునో ఎవరు చెప్పగలరు? "వాన వచ్చినను రాకున్నను ఆగస్టు 15" అని వ్రాసికొనిన ఇద్దరికి న్యాయము.

ఈ విధముగా చేసినయెడల, పని నడుమ ఆగిపోయినను, పోయినది ఒక విడత సొమ్మే. మేస్త్రీకి కూడ ప్రతి మెట్టులో చేతికి డబ్బు వచ్చును. ఇంకొక ఇంటి బయానాకై పరుగెత్తనక్కరలేదు. మేము చూచినంతలో, ఈ పద్ధతిని ముందుగా ఒప్పుకొనువారు మంచి మేస్త్రీలే. కప్పు విప్పకమునుపే సగము కావలెనని పట్టుబట్టువానిని, క్రిందటి మూడు పనులు ఎక్కడ చేసెనో అడిగి, ఆ ఇండ్లకు పోయి చూచి రావలెను. ఒక సాయంకాలపు పని అది. పెండ్లి సంబంధమునకు పది ఊళ్లు విచారించు మనము దీనికి ఒక వీధి దాటము!

ఇక కాగితము సంగతి. నోటిమాటతో కుదిరిన ఒప్పందమును 1872 నాటి భారత ఒప్పందముల చట్టము త్రోసివేయదు. కాని దానిని రుజువుచేయుట కష్టము. కాగితములో వ్రాయవలసినది ఎక్కువ లేదు: ఏ పని, ఎన్ని అడుగులు, సామాను ఎవరిది, మొత్తము ఎంత, ఏ మెట్టుకు ఎంత, మొదలు ఎప్పుడు, ముగింపు ఎప్పుడు, మధ్యలో ఇంటివారు పని పెంచిన దాని వెల ఎట్లు. ఈ చివరి మాటను చాలామంది మరచుదురు. స్లాబు వేయుచుండగా, "పోర్టికో కూడ కొంచెము ముందుకు జరుపుము" అనువారు మనమే. చివర లెక్కలో అది కనబడగానే కేకలు వేయువారమును మనమే. ఇద్దరును సంతకము చేసి, ఇద్దరు సాక్షులతో, రెండు ప్రతులు వ్రాసి, చెరియొకటి ఉంచుకొనవలెను. యిర్మీయా పొలము కొనినప్పుడు వెండి తూచి, సాక్షులను పెట్టి, క్రయపత్రము రెండు విధములుగా భద్రపరచెనని ఆ గ్రంథము 32వ అధ్యాయములో చదువుచున్నాము. కొనినది పినతండ్రి కుమారుని యొద్దనే! బంధువని కాగితము మానలేదు.

సరిహద్దులో మనకు భాష ఒక చిక్కు. మన పెద్దలు కన్నడము ధారాళముగా మాటలాడుదురు, అక్షరములు చదువలేరు. వారి మనుమలు కన్నడ బడిలో చదివి తెలుగు చదువలేరు. మేస్త్రీ రాయదుర్గమువాడైన తెలుగే చదువును, సిరుగుప్పవాడైన కన్నడమే చదువవచ్చును. ఎవరికి సంతకము కావలెనో వారు చదువగల భాషలో వ్రాయవలెను. చదువురానివానికి సాక్షుల ఎదుట చదివి వినిపించి, వినిపించితిమని అందులోనే వ్రాసి, వేలిముద్ర తీసికొనవలెను. స్టాంపు కాగితముపై వ్రాసిన మంచిది. అది దొరకలేదని వ్రాయుటయే మానుకొనవద్దు. సొమ్ము ఇచ్చిన ప్రతిసారి రసీదు ఉండవలెను, 5,000 రూపాయలు మించిన రసీదుకు రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించవలెను. ఫోను ద్వారా పంపువారు మేస్త్రీ పేర గల ఖాతాకే పంపి, "రెండవ విడత, సెంట్రింగు" అని అచ్చటనే వ్రాసిన, అది మంచి ఆధారము. అతని తమ్ముని నంబరుకు, కొట్టువాని నంబరుకు పంపిన సొమ్ము తరువాత ఎవరి లెక్కలోను కనబడదు.

ఇక్కడ ఒక ప్రశ్న వచ్చును. ఇది అవిశ్వాసము కాదా? దేవాలయము బాగుచేసినప్పుడు పనివారిని లెక్క అడుగలేదని 2 రాజులు 12:15లో ఉన్నదే, వారు నమ్మకమైనవారు గదా అని కొందరు చూపుదురు. ఆ వచనము నిజమే. అయితే నాలుగవ వచనమునుండి చదువవలెను. యోవాషు రాజు మందిరపు శిథిలములను బాగుచేయించుటకు సొమ్మును యాజకుల చేతికి అప్పగించెను. ఏ మెట్టు లేదు, ఏ గడువు లేదు. తన యేలుబడి ఇరువదిమూడవ యేట చూచినప్పుడు పని జరుగలేదు. అప్పుడు ఆయన ఎవరిని చెరసాలలో వేయించలేదు, పద్ధతి మార్చెను. యాజకుడైన యెహోయాదా మూతకు బెజ్జము చేసిన పెట్టెను బలిపీఠము దగ్గర ఉంచెను. సొమ్ము కూడినప్పుడు రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు, ఇద్దరును కలిసి లెక్కించి, సంచులలో కట్టిరి. తూచిన సొమ్ము పనిమీది పెద్దలకు, వారి ద్వారా వడ్రంగులకు, కాసెవారికి, రాతిపనివారికి అందెను. మ్రానులు, చెక్కిన రాళ్లు కొనుటకు అందెను. చివర లెక్క అడుగనక్కర లేకపోవుటకు ఒక కారణము, మొదటనే లెక్క సరిగా ఉండుట. నమ్మకమును కాపాడినది ఆ పద్ధతియే అని మా అభిప్రాయము. పని ఆగినది యాజకుల చేతిలో సొమ్ము ఉన్నప్పుడు, రాతిపనివారి చేతిలో ఉన్నప్పుడు కాదు అను సంగతి కూడ గమనింపదగినది.

ఇంత జాగ్రత్తపడినను సొమ్ము చిక్కుకొనిన ఏమి చేయవలెను? మొదటిది, కూర్చుండి లెక్క వేయుట. జరిగిన పనికి వెల కట్టి, ఇచ్చిన సొమ్ములో తీసివేసి, మిగిలినదెంతో తేల్చవలెను. మనమే మనసు మార్చుకొని పని ఆపిన, అతనికి కలిగిన నిజమైన నష్టమును మినహాయించుట న్యాయము. 1 కొరింథీయులకు 6వ అధ్యాయము మనకు తెలిసినదే గనుక, ఇద్దరును సంఘస్థులైనచో పెద్దలు ఇద్దరిని, పని తెలిసిన మేస్త్రీ ఒకనిని కూర్చుండబెట్టవలెను. పని తెలియని పెద్దలు మాత్రమే కూర్చుండిన ప్రార్థనతో ముగియును గాని లెక్క తేలదు. తేలిన దానిని వాయిదాలుగా వ్రాసికొనవలెను.

అట్లు కుదరనియెడల, జిల్లా న్యాయసేవల ప్రాధికారము ద్వారా లోక్ అదాలతుకు పోవచ్చును. 1987 నాటి చట్టముచేత ఏర్పడిన ఈ ఏర్పాటులో కోర్టు ఫీజు లేదు, ఇద్దరును ఒప్పుకొన్నదే తీర్పు. అదియు కాకున్న వినియోగదారుల కమిషను. గృహనిర్మాణము "సేవ" క్రిందికి వచ్చునని సుప్రీంకోర్టు 1993లో స్పష్టపరచినది. పని మొత్తమును ఒప్పుకొనిన మేస్త్రీ లేక కంట్రాక్టరు విషయములో ఇది వర్తించును. మన చెప్పుచేతలలో దినకూలికి వచ్చినవాని విషయములో వర్తించదు. 2020 జూలైలో అమలులోనికి వచ్చిన 2019 నాటి చట్టము సరిహద్దువారికి ఒక మేలు చేసినది: ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. మేస్త్రీ ఆదోనివాడైనను, గుంతకల్లువాడైనను, బళ్ళారిలో ఉన్నవారు బళ్ళారిలోనే అడుగవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైన ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేండ్లలోపల వేయవలెను. ముందుగా సలహాకు 1915 నంబరు ఉన్నది.

చాలామంది మొదట పోలీసు స్టేషనుకే పరుగెత్తుదురు. మాట తప్పినంతమాత్రమున మోసపు నేరము కాదు. మొదటినుండియే ఎగవేయవలెనను తలంపుతో సొమ్ము తీసికొనెనని చూపవలెను. స్టేషనులో, "ఇది సివిలు వ్యవహారము" అని పంపివేసిన మనసు నొచ్చుకొనవద్దు. పైగా సంఘస్థునిపై కేసు అనగానే మాటలు తిరిగిరావు.

ఇంతవరకు ఇంటివారి ప్రక్కన నిలిచి వ్రాసితిమి. మేస్త్రీల ప్రక్కన నిలిచి చూచిన వేరొక పట్టిక కలదు, అది చిన్నది కాదు. పని ముగిసినను, రంగు నచ్చలేదని, మూలలో గీత కనబడినదని, చివరి సొమ్ము నెలలు త్రిప్పువారు మనలో ఎందరు లేరు? స్లాబుమీద మళ్లు కట్టి నీరు నిలుపుట సాధారణముగా ఇంటివారి వంతు. మామూలు సిమెంటుకు కనీసము 7 దినములు, మిశ్రమ సిమెంటుకు 10 దినములు తడి ఆరరాదని ప్రమాణము. బళ్ళారి మే నెల ఎండలో రెండు రోజులు నీరు పెట్టి, కొళాయి రాలేదని మానివేసి, బీటలు వారిన తరువాత మేస్త్రీ సొమ్ము పట్టియుంచుట న్యాయమా? ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము దినకూలివాని కూలిని ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెననుచున్నది, వాడు స్వదేశస్థుడైనను పరదేశియైనను. యాకోబు పత్రిక 5వ అధ్యాయము, పట్టియుంచిన కూలి మొఱపెట్టుచున్నదనుచున్నది. మనము పరదేశులమై వచ్చిన కాలములో ఈ వాక్యములను మన తట్టునుండి చదివితిమి. ఇప్పుడు ఇల్లు మనది, మిద్దెమీద ఎండలో ఉన్నవాడు రాయచూరునుండియో, బీహారునుండియో వచ్చినవాడు.

మన బాప్తిస్టు సంఘముల చరిత్రలో కూడ ఒక కంట్రాక్టు ఉన్నది. 1876-78 నాటి గొప్ప కరవులో, బళ్ళారి జిల్లా కూడ అల్లాడిన ఆ కరవులో, ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొనిరి. ఆకలితో వచ్చినవారు అక్కడ బిచ్చము కాదు, కూలి తీసికొనిరి. బోధకులే పనిమీది పెద్దలుగా నిలిచిరి. మన తాత ముత్తాతలలో కొందరు ఆ కూలితోనే బ్రదికిరి. కొలత వేసి, లెక్క చూచి, చేతిలో పెట్టిన కూలి అది.

సంఘ కూడికలో చర్చించుటకు: మన సంఘములో ఇంటి పని విషయమై మాటలు లేక ఉన్న కుటుంబములు ఉన్నవా? వారి లెక్క తేల్చుటకు ఇద్దరు పెద్దలతోబాటు కూర్చుండగల పని తెలిసినవారు ఎవరు? సంఘములోని మేస్త్రీ, వడ్రంగి, పెయింటరు సహోదరులను ఒక ఆదివారము సాయంకాలము పిలిచి, ముందుగా ఎంత సొమ్ము లేనిదే పని మొదలుపెట్టలేరో, ఎందుచేతనో, వారి నోటనే విందుమా? ఈ క్రిస్మసుకు రంగులు వేయించువారు పెయింటరుకు ఏ తేదీన ఎంత ఇత్తురో ఇప్పుడే వ్రాసి చూచుకొనుడి. గుడి రంగుల లెక్కతోనే మొదలుపెట్టవచ్చును.